రెండు రంగుల నీళ్లు పక్కపక్కనే పారుతున్నాయి, కలవట్లేదు! సన్న కాలువల్లో ఫ్లో తెలిసినవాళ్లు చెప్పండి

వరంగల్_పిల్ల | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను ఎంటెక్ రెండో సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో ఒక సన్న కాలువ చేశాను. పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరుతో పోతపోసి, ప్లాస్మా (విద్యుత్‌తో అయాన్లుగా మారిన వాయువు) పెట్టి గాజు స్లైడ్‌కు అతికించాను, అదే నా చిప్. వెడల్పు 300 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లోతు 100 మైక్రాన్లు, రెండు చేతులూ కలిసిన తర్వాత పొడవు 3 సెంటీమీటర్లు.

ఒక చేతిలోంచి పసుపు ఫుడ్ కలర్, ఇంకో చేతిలోంచి నీలం పంపుతున్నాను. సిరంజి పంపుతో రెండు వైపులా నిమిషానికి 10 మైక్రోలీటర్లు, మొత్తం 20. చివరికి ఆకుపచ్చ రావాలి కదా? రావట్లేదు. మైక్రోస్కోపులో చూస్తే సగం పసుపు, సగం నీలం, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. ఆ చివరి దాకా అంతే.

స్పీడు పెంచితే సుడులు తిరిగి కలుస్తాయేమో అని మొత్తం 100 మైక్రోలీటర్లకు పెంచాను. గీత ఇంకా పదునుగా అయింది! చిప్‌లో తప్పుందా, నా లెక్కలో తప్పుందా? వచ్చే నెల రివ్యూ. చాలా టెన్షన్‌గా ఉంది.

ప్లాంట్_ఆపరేటర్ | సోమవారం రాత్రి 10:05

అమ్మా, నేను విశాఖలో ఒక కెమికల్ ప్లాంట్‌లో 20 ఏళ్లుగా పని చేస్తున్నాను. మా దగ్గర రెండు లైన్లు కలిసిన చోట కలవకపోవడం అంటూ ఉండదు. నాలుగడుగులు పోయేసరికి ఒకటే రంగు. ఫ్లో తక్కువ పెడితేనే సమస్య. నువ్వు పెట్టిన ఫ్లో ఇంకా చాలదేమో. పది రెట్లు, ఇరవై రెట్లు పెంచి చూడు. సుడి మొదలైతే అదే కలిసిపోతుంది.

డల్లాస్_ద్రవాలు | సోమవారం రాత్రి 11:30

అన్నగారూ, మీ ప్లాంట్ పైపుకు మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ మాత్రం కుదరదు. ఎందుకో లెక్కతో చెబుతాను.

మీ పైపు వ్యాసం 10 సెంటీమీటర్లు, నీళ్ల వేగం సెకనుకు 1 మీటరు అనుకుందాం. సాంద్రత, వేగం, వ్యాసం గుణించి స్నిగ్ధతతో, అంటే ద్రవం చిక్కదనంతో భాగిస్తే రెనాల్డ్స్ నంబర్ లక్ష వస్తుంది. పైపులో దాదాపు 2000 దాటాక సుడులు మొదలవుతాయి. మీరు దానికి యాభై రెట్లు పైన ఉన్నారు. అందుకే నాలుగడుగుల్లో కలుస్తుంది.

చెల్లి కాలువలో నిమిషానికి 20 మైక్రోలీటర్లంటే వేగం సెకనుకు సుమారు 11 మిల్లీమీటర్లు. దీర్ఘచతురస్రం కాబట్టి వ్యాసం బదులు 150 మైక్రాన్లు తీసుకోవాలి. రెనాల్డ్స్ నంబర్ 1.7 వస్తుంది. 100 మైక్రోలీటర్లు పెట్టినా 8 దగ్గరే.

దాన్ని 2000కు తీసుకెళ్లాలంటే నీళ్లు సెకనుకు 13 మీటర్ల వేగంతో పోవాలి. నిమిషానికి 24 మిల్లీలీటర్లు! ఇప్పుడు కాలువకు కావలసిన ఒత్తిడి 500 పాస్కల్, అంటే 5 సెంటీమీటర్ల నీటి మట్టం చాలు. అప్పుడు 6 లక్షల పాస్కల్ కావాలి, ఆరు అట్మాస్ఫియర్లు. రబ్బరు ఉబ్బుతుంది, ప్లాస్మా అతుకు ఊడి వస్తుంది. పైగా నీళ్లు ఆ 3 సెంటీమీటర్లలో ఉండేది రెండు మిల్లీసెకన్లే.

చిప్‌లో తప్పు లేదమ్మా. ఆ గీత అంత నిటారుగా వచ్చిందంటే చిప్ చాలా బాగా వచ్చిందని అర్థం.

ఫిజిక్స్_మాస్టారు | మంగళవారం ఉదయం 6:20

పొద్దున్నే ఈ చర్చ చూసి చాలా సంతోషం వేసింది. ఇంటర్ పాఠంలో రెనాల్డ్స్ సంఖ్యకు దొరికేది ఒక్క పేరా. సూత్రం, 2000 కన్నా తక్కువైతే ధారారేఖా ప్రవాహం, ఎక్కువైతే సంక్షుబ్ధ ప్రవాహం, రెండు మార్కులు, అయిపోయింది. ఆ సంఖ్య ఏం చెబుతుందో పిల్లలకు చేరదు.

అది జడత్వానికీ స్నిగ్ధతకూ మధ్య ఉన్న నిష్పత్తి. జడత్వం అంటే నీటికి తాను వెళ్తున్న దారినే వెళ్లాలన్న మొండితనం. స్నిగ్ధత అంటే పక్క పొర పట్టుకుని లాగడం. కాలువలో గుంట ఎదురైతే నీళ్లు తన ఊపుతో దాటి వెనక్కి తిరిగి సుడి కడతాయి, అది జడత్వం పని. పక్క పొరలు పట్టి లాగి ఆ ఊపును నిలవనివ్వకపోతే సుడి పుట్టదు. ఆస్బోర్న్ రెనాల్డ్స్ 1883లో మాంచెస్టర్‌లో చేసిందీ మన చెల్లెమ్మ చేసినలాంటిదే. గాజు గొట్టంలో నీళ్ల మధ్యకు సన్నగా రంగు వదిలాడు. నెమ్మదిగా పోతుంటే రంగు దారంలా సాగింది, వేగం పెంచాక ఒకచోట చెదిరిపోయింది. ఆయనది వెడల్పు గొట్టం కాబట్టి వేగం పెంచి ఆ అవతలి ఒడ్డు చూడగలిగాడు. 150 మైక్రాన్లలో ఆ ఒడ్డు చాలా దూరం.

ఇంకా కిందికి దిగితే ఏమవుతుందో ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో ఒక వ్యాసంలో రాశాడు. అయస్కాంత అనునాదానికి నోబెల్ అందుకున్న ఆయనే. రెండు మైక్రాన్ల బాక్టీరియా సెకనుకు 30 మైక్రాన్ల వేగంతో ఈదుతోంది అనుకోండి. రెనాల్డ్స్ సంఖ్య 0.0001 కూడా ఉండదు. అది ఈత ఆపేస్తే ఎంత దూరం జారుతుంది? పరమాణువు వ్యాసంలో పదో వంతు! మనం పడవ తెడ్డు ఆపినా పడవ కాసేపు సాగుతుంది. దానికి ఆ కాసేపు లేదు. ఈ క్షణం తోస్తేనే ఈ క్షణం కదలిక.

నేను పాతికేళ్లుగా చెబుతున్న న్యూటన్ మొదటి నియమం అక్కడ కూడా నిజమే, కానీ కంటికి కనిపించదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వరంగల్_పిల్ల | మంగళవారం ఉదయం 8:45

డల్లాస్ అన్నయ్యా, మాస్టారూ, చాలా థాంక్స్. చిప్ బాగానే ఉందంటే సగం భారం దిగింది. సుడులు ఎందుకు రావో అర్థమైంది. కానీ స్పీడు పెంచితే గీత ఇంకా పదునెక్కడం ఎందుకు? ఎలాగూ సుడులు లేనప్పుడు అలాగే ఉండాలి కదా?

డల్లాస్_ద్రవాలు | మంగళవారం ఉదయం 9:30

సుడులు లేకపోతే కలపడానికి మిగిలింది ఒక్కటే, విసరణ. రంగు అణువులు వాటంతటవి అటూ ఇటూ తచ్చాడుతూ పక్క ధారలోకి జారుకోవాలి. ఈ తచ్చాటలో ఒక విచిత్రం ఉంది. రెట్టింపు దూరం పోవాలంటే నాలుగు రెట్ల సమయం పడుతుంది. దూరం వర్గాన్ని విసరణ గుణకానికి రెట్టింపుతో భాగిస్తే సుమారు సమయం వస్తుంది.

ఫుడ్ కలర్ లాంటి అణువుకు గుణకం సెకనుకు 400 చదరపు మైక్రాన్ల దగ్గర ఉంటుంది. నీ ధార ఒక్కోటి 150 మైక్రాన్ల వెడల్పు. 150 వర్గం 22,500. దాన్ని 800తో భాగిస్తే 28 సెకన్లు. నీ నీళ్లు కాలువలో ఉండేది ఎంతసేపు? 30 మిల్లీమీటర్లను 11తో భాగించు, 2.7 సెకన్లు. 28 సెకన్ల పని 2.7 సెకన్లలో ఎలా అవుతుంది? ఆ లోపు రంగు జారేది గీతకు అటూ ఇటూ 46 మైక్రాన్లు. 100 మైక్రోలీటర్లు పెట్టినప్పుడు అర సెకనే ఉంది, అందుకే 21 మైక్రాన్లకు తగ్గింది. నువ్వు చూసిన పదును అదే.

స్పీడు పెంచడం కాదు, తగ్గించు. మొత్తం నిమిషానికి 1 మైక్రోలీటరు పెట్టి చూడు. 54 సెకన్లు దొరుకుతాయి, 200 మైక్రాన్లు దాటి జారుతుంది.

ఇంకో సంగతి. అంచు దగ్గర బాగా జూమ్ చేసి ఫోకస్‌ను పైకీ కిందికీ జరిపి చూడు. పైకప్పు, నేల దగ్గర నీళ్లు నెమ్మదిగా పోతాయి, అక్కడ రంగుకు ఎక్కువ సమయం దొరుకుతుంది. కాబట్టి మసక పట్టీ నడి లోతులో సన్నగా, పైనా కిందా వెడల్పుగా ఉంటుంది. మామూలు మైక్రోస్కోపు ఈ మూడింటినీ కలిపేసి చూపిస్తుంది, కొలతలు రాసేటప్పుడు జాగ్రత్త.

ప్లాంట్_ఆపరేటర్ | మంగళవారం మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, నీ లెక్క చూసి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్నేళ్లూ ఫ్లో పెంచితే మిక్సింగ్ పెరుగుతుందన్నది ప్రకృతి ధర్మం అనుకున్నాను. మా పైపు సైజు వల్ల అలా ఉందని ఇవాళ తెలిసింది. ఒక సందేహం. మరి కాలువను పాములా మెలికలు తిప్పితే? మా హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్లో వంపు దగ్గర నీళ్లు అడ్డంగా కూడా తిరుగుతాయి.

డల్లాస్_ద్రవాలు | మంగళవారం మధ్యాహ్నం 1:40

మీరు చెప్పిన అడ్డ ప్రవాహానికి డీన్ ఫ్లో అని పేరు. అది కూడా జడత్వం వల్లే వస్తుంది. వంపులో వేగంగా పోయే మధ్య నీళ్లు బయటి గోడ వైపు నెట్టుకుపోవాలి. రెనాల్డ్స్ నంబర్ 1.7 దగ్గర అది చాలా బలహీనం. మెలికలు పెడితే చిన్న చిప్‌లో పొడవు కాలువ ఇముడుతుంది, అంతే లాభం. ఆమె ఫ్లోకు 31 సెంటీమీటర్ల కాలువ కావాలి. మెలికలతో అది పట్టించవచ్చు, కానీ ఒత్తిడి కూడా పది రెట్లు పెరుగుతుంది.

రక్తపరీక్ష_గుంటూరు | మంగళవారం సాయంత్రం 7:15

నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఫిజిక్స్ ఎక్కువ తెలియదు, కానీ ఈ చర్చ నా రోజువారీ పనిలాగే ఉంది. యాంటిజెన్ కిట్ మీద చుక్కలు వేయగానే తడి మొదట గబగబా పాకుతుంది, తర్వాత నత్తనడక. షుగర్ స్ట్రిప్ అంచును రక్తపు చుక్కకు తాకిస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది. అక్కడ పంపు లేదు కదా, మరి ఎవరు లాగుతున్నారు?

చిప్_అక్క | మంగళవారం సాయంత్రం 8:30

తలతన్యతే లాగుతుంది, పంపు అదే. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో రోజూ ఈ చిప్‌ల మధ్యే ఉంటాను, అందుకే నాకు ఈ ప్రశ్న చాలా ఇష్టం. నీళ్లు తడిపే గోడ అయితే నీటి అంచు వంగి, ముందున్న ఖాళీలోకి ద్రవాన్ని లాగుతుంది. కంత ఎంత సన్నగా ఉంటే అంత బలంగా లాగుతుంది. 0.1 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గాజు గొట్టంలో నీళ్లు దాదాపు 15 సెంటీమీటర్లు ఎక్కుతాయి. ఒక మైక్రాన్ వ్యాసార్ధం ఉన్న కంతలో ఆ లాగుడు ఒకటిన్నర అట్మాస్ఫియర్ దగ్గరికి వస్తుంది.

మీ కిట్‌లోని నైట్రోసెల్యులోజ్ పట్టీ నిండా అలాంటి కంతలే. లాగే బలం మారదు, కానీ తడిసిన భాగం పెరిగే కొద్దీ వెనక నుంచి ఈడ్చుకురావలసిన ద్రవం పొడవు పెరుగుతుంది, రాపిడి పెరుగుతుంది. అందుకే రెట్టింపు దూరానికి నాలుగు రెట్ల సమయం. లూకాస్ 1918లో, వాష్‌బర్న్ 1921లో ఈ సూత్రం రాశారు. కిట్ తయారుచేసేవాళ్లు పరీక్ష గీతను ఎంత దూరంలో పెట్టాలన్నది దీన్ని బట్టే చూసుకుంటారు. మరీ దగ్గర పెడితే యాంటీబాడీ పట్టుకునే లోపే ద్రవం దాటిపోతుంది.

రక్తపరీక్ష_గుంటూరు | మంగళవారం రాత్రి 9:00

అక్కా, పన్నెండేళ్లుగా వేస్తున్న చుక్కకు ఇవాళ అర్థం దొరికింది. రేపు మా జూనియర్‌లకు చెబుతాను. ఇంకొకటి. రక్తం నీళ్లకన్నా చిక్కన కదా, మరి మన కేశనాళికల్లో అంత సన్న దారిలో ఎలా పోతోంది?

ఫిజిక్స్_మాస్టారు | బుధవారం ఉదయం 6:05

బాబూ, ఈ ప్రశ్నే పాయిజువెను గొట్టాల దగ్గరికి తెచ్చింది. ఆయన వైద్యుడు. రక్తం సన్న నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలని 1840 ప్రాంతంలో సన్న గాజు గొట్టాల్లో నీళ్లు పంపి ఓపికగా కొలిచాడు. ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి అనులోమానుపాతం అని తేలింది. నాళం వ్యాసార్ధం పది శాతం తగ్గితే, అదే ఒత్తిడికి ప్రవాహం మూడో వంతుకు పైగా పడిపోతుంది. కాగితం మీద 0.9ని నాలుగుసార్లు గుణించి చూడండి, 0.66 వస్తుంది.

రక్తం విషయంలో ఇంకో మేలు ఉంది. ఫారియస్, లిండ్‌క్విస్ట్ అనే స్వీడన్ శాస్త్రవేత్తలు 1931లో చూపించారు. గొట్టం వ్యాసం 0.3 మిల్లీమీటర్ల కన్నా తగ్గుతున్న కొద్దీ రక్తం పలచబడినట్టు ప్రవర్తిస్తుంది. ఎర్ర కణాలు గోడలు వదిలి మధ్యకు చేరతాయి, గోడ దగ్గర ఉత్త ప్లాస్మా (కణాలు లేని రక్త ద్రవం) పొర మిగులుతుంది. రాపిడి ఎక్కువగా ఉండే చోట పలచని ద్రవం ఉంటే జారుడు తేలికే కదా. కేశనాళికలో అయితే 8 మైక్రాన్ల కణం వంగి, ముడుచుకుని ఒకదాని వెనక ఒకటి పోతుంది.

పెన్నా_తీరం | బుధవారం ఉదయం 10:20

అందరూ బాగా చెబుతున్నారు. నాకు అర్థమైనంతలో చిన్న స్కేలుకు పోతే నీళ్ల ఫిజిక్సే మారిపోతుంది. క్వాంటమ్‌లాగా వేరే నియమాలు వస్తాయి. అవునా?

డల్లాస్_ద్రవాలు | బుధవారం ఉదయం 11:00

కాదండి, ఇది స్పష్టంగా చెప్పాల్సిన విషయం. వంద మైక్రాన్లలోనూ, ఒక మైక్రాన్‌లోనూ నియమాలు అవే. నదికి ఏ సమీకరణమో ఆ చిప్‌కూ అదే. మారేది ఏ పదం బరువు ఎంత అన్నది. బరువు, జడత్వం లాంటివి ఘనపరిమాణంతో పాటు తగ్గుతాయి. రాపిడి, తలతన్యత లాంటివి ఉపరితలంతోనూ పొడవుతోనూ ముడిపడి ఉంటాయి కాబట్టి అంత త్వరగా తగ్గవు. చెరువులో లెక్కకే రాని తలతన్యత చీమ మీద పడ్డ చుక్కలో రాజు.

నియమాలే సడలే చోటు ఇంకా చాలా కింద ఉంది. నీటి అణువు 0.3 నానోమీటర్లు ఉంటుంది. కాలువ ఒకటి రెండు నానోమీటర్లకు వస్తే నీళ్లను తెంపులేని ద్రవంగా చూడటం తప్పుతుంది. ఆ ముందే ఇంకో చిన్న మార్పు వస్తుంది. గోడను తాకిన నీళ్లు కదలవు అని మనం పుస్తకంలో రాసుకుంటాం. నీళ్లు అంటని నున్నని గోడ మీద కాస్త జారతాయి, పదుల నానోమీటర్ల జారుడు పొడవుతో. 100 మైక్రాన్ల కాలువలో దాని ప్రభావం వెయ్యిలో ఒక వంతు. 100 నానోమీటర్ల కాలువలో ప్రవాహం రెట్టింపు దాటవచ్చు. గాలికైతే ఇంకా ముందే. మామూలు ఒత్తిడిలో గాలి అణువు రెండు ఢీల మధ్య సుమారు 70 నానోమీటర్లు పోతుంది కాబట్టి, మైక్రాన్ సందుల్లోనే ఈ సడలింపు కనిపిస్తుంది.

వరంగల్_పిల్ల | బుధవారం రాత్రి 10:15

ఇవాళ్టి అప్‌డేట్. నిమిషానికి 1 మైక్రోలీటరుకు తగ్గించాను. రెండు కొత్త సమస్యలు వచ్చాయి.

ఒకటి, మధ్య గీత ఊగుతోంది. కొన్ని సెకన్లు పసుపు వెడల్పు, కొన్ని సెకన్లు నీలం వెడల్పు, గుండె కొట్టుకున్నట్టు. నా దగ్గర ఉన్నవి 10 మిల్లీలీటర్ల సిరంజిలు.

రెండు, కాలువ మధ్యలో ఒక గాలి బుడగ ఇరుక్కుంది. గంటసేపు కదల్లేదు. నీళ్లు దాని పక్కనుంచి తప్పుకుని పోతున్నాయి, గీత అంతా వంకర అయిపోయింది. పైప్‌ను వేలితో తట్టాను, చిప్‌ను వంచాను, లాభం లేదు.

చిప్_అక్క | బుధవారం రాత్రి 11:05

చెల్లీ, ఈ రెండూ ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ దాటి వచ్చినవే. నేను మొదటి ఏడాది బుడగ వల్ల ఏడ్చిన రోజులున్నాయి.

ముందు ఊగడం సంగతి. సిరంజి పంపులో మోటారు మెట్లు మెట్లుగా తిరుగుతుంది. 10 మిల్లీలీటర్ల సిరంజి లావు, ఒక్క మెట్టుకే ఎక్కువ నీళ్లు తోస్తుంది, మళ్లీ ఆగుతుంది. 1 మిల్లీలీటరు సిరంజి, ఇంకా మంచిది గాజుది, పెట్టు. అది దొరక్కపోతే పంపే వద్దు. రెండు సిరంజి గొట్టాలు మూత లేకుండా స్టాండుకు కట్టి, ఎత్తుతో నడిపించు. నీ కాలువ ఒక్కదానికీ ఈ ఫ్లోకు కావలసింది 3 మిల్లీమీటర్ల నీటి మట్టమే, దాన్ని అంత కచ్చితంగా సర్దలేవు. కాబట్టి ప్రతి చేతికీ 0.1 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం అర మీటరు తగిలించు. మాస్టారు చెప్పిన నాలుగో ఘాతం ఇక్కడ పనికొస్తుంది. అంత సన్న గొట్టానికే 17 సెంటీమీటర్ల ఎత్తు కావాలి, అప్పుడు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా తేడా తెలియదు. రెండు మట్టాలూ సమానంగా ఉండాలి, లేకపోతే ఎత్తులో ఉన్నది రెండో చేతిలోకి ఎగదన్నుతుంది.

ఇక బుడగ. దాని ముందు ముఖం, వెనక ముఖం రెండూ తలతన్యతతో గోడను పట్టుకుని ఉంటాయి. 100 మైక్రాన్ల లోతులో ఆ పట్టు వెయ్యి పాస్కల్ దాటగలదు. నీ ప్రవాహం దాన్ని తోసేది పదుల పాస్కల్‌తో. అందుకే కదల్లేదు. తోసి లాభం లేదు, రానివ్వకుండా చూడాలి.

పీడీఎంఎస్‌కు నీళ్లు అంటవు. ప్లాస్మా పెట్టిన కొత్తలో తడుస్తుంది గానీ గాలిలో వదిలేస్తే మళ్లీ పాత గుణానికి వస్తుంది. అతికించిన వెంటనే నీళ్లు నింపి ఉంచు. అలా కుదరకపోతే ముందు ఇథనాల్ పంపు. దాని తలతన్యత నీటిలో మూడో వంతు కన్నా తక్కువ, మూలమూలకూ తడుపుతుంది. ఆ వెనకే నీళ్లు పంపి కడుగు. రంగు నీళ్లను ముందుగా వాక్యూమ్‌లో పెట్టి కరిగిన గాలి తీసెయ్. ఇప్పటికే ఇరుక్కున్న బుడగకు ఒక ఉపాయం ఉంది. బయటి గొట్టం మూసేసి లోపలి ఒత్తిడి కాస్త పెంచు. పీడీఎంఎస్ గుండా గాలి పోతుంది, బుడగ నెమ్మదిగా కుంచించుకుపోయి మాయమవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

పెన్నా_తీరం | గురువారం ఉదయం 7:50

పంపు గొడవే లేకుండా కరెంటుతో నీళ్లు నడిపిస్తారని ఎక్కడో విన్నాను. అది నిజమేనా?

డల్లాస్_ద్రవాలు | గురువారం ఉదయం 8:40

నిజమే. 1809లో మాస్కోలో రాయిస్ మట్టిలో చూసిన సంగతి అది. గాజు గోడ నీళ్లలో రుణావేశం పొందుతుంది, దాన్ని ఆనుకుని ధన అయాన్లు కొన్ని నానోమీటర్ల పొరగా చేరతాయి. కాలువ పొడవునా విద్యుత్ క్షేత్రం పెడితే ఆ పొర కదులుతూ మొత్తం నీళ్లను ఈడ్చుకుపోతుంది. సెంటీమీటరుకు 100 వోల్టులు పెడితే సెకనుకు సుమారు మూడో వంతు మిల్లీమీటరు వేగం వస్తుంది. గోడ దగ్గరా మధ్యలోనూ వేగం ఒకటే ఉండటం దీని అందం. కానీ మూడు సెంటీమీటర్లకు 300 వోల్టులు కావాలి, రివ్యూకు ముందు దీన్ని కొత్తగా మొదలుపెట్టవద్దని నా సలహా. పైగా ఇదొక్కటే రంగులను కలపదు.

ఫిజిక్స్_మాస్టారు | గురువారం సాయంత్రం 6:30

చెల్లెమ్మ కలపడానికి కష్టపడుతోంది. నేను ఇవాళ క్లాసులో కలిపినదాన్ని విడదీసి చూపించాను. మీతో చెప్పుకోవాలనిపించింది.

వెడల్పాటి గాజు గ్లాసులో గ్లిజరిన్ పోసి, మధ్యలో సన్న స్టీలు గ్లాసు నిలబెట్టాను. సందు ఒక సెంటీమీటరు. డ్రాపర్‌తో గ్లిజరిన్‌లోనే కలిపిన ఎర్ర రంగు చుక్క ఒకటి ఆ సందులో వదిలాను. లోపలి గ్లాసును నెమ్మదిగా మూడు చుట్లు తిప్పాను. చుక్క సాగి సాగి గ్లాసు చుట్టూ పలచని ఎర్ర పొగలా అయిపోయింది. "కలిసిపోయింది సార్" అన్నారు పిల్లలు. అప్పుడు అంతే నెమ్మదిగా మూడు చుట్లు వెనక్కి తిప్పాను. చుక్క మళ్లీ చుక్కగా వచ్చేసింది, అంచులు కాస్త మసకబారి. క్లాసు క్లాసంతా బల్లల మీదికి ఎక్కింది.

ఇది జి.ఐ. టేలర్ చూపించిన ప్రయోగం. జడత్వం లేని చోట ప్రవాహానికి ముందూ వెనకా తేడా తెలియదు, వచ్చిన దారినే తిరిగి పోతుంది. అందుకే తెరిచి మూసే ఒక్క కీలుతో ఈదే జీవి అక్కడ ముందుకు పోలేదు, తెరిచినప్పుడు వచ్చినంత మూసినప్పుడు వెనక్కి పోతుంది. బాక్టీరియా తోకను మరమేకులా ఒకే వైపు తిప్పేది అందుకే. వెనక్కి రాని ఆ కాస్త మసక మాత్రం విసరణది. నీ గీత పక్కన ఉన్నదీ అదేనమ్మా.

గ్లిజరిన్ మందుల షాపులో దొరుకుతుంది. నీళ్లు కలపకండి, పలచబడితే ప్రయోగం చెడుతుంది.

చిప్_అక్క | గురువారం రాత్రి 9:20

మాస్టారూ, మీ పిల్లలు అదృష్టవంతులు. వచ్చే నెల నేను మా ఊరి బడిలో ఇదే చేస్తాను.

చెల్లీ, ఫ్లో తగ్గిస్తే కలుస్తుంది గానీ ప్రతి శాంపిల్‌కూ నిమిషాలు పడుతుంది. ప్రొటీన్ లాంటి పెద్ద అణువుకైతే ఇంకా చాలా రెట్లు. అసలు పరిష్కారం ధారను సాగదీసి మడత పెట్టడం. పరోటా పిండిని సాగదీసి మడిచి మళ్లీ సాగదీస్తే పొరలు ఎలా పలచబడతాయో అలా. పొర వెడల్పు సగమైతే విసరణకు పట్టే సమయం నాలుగో వంతు అవుతుంది.

స్ట్రూక్ బృందం 2002లో సైన్స్ పత్రికలో చూపించింది ఇదే. కాలువ నేలలో చేప ముల్లు ఆకారంలో ఏటవాలు గాళ్లు పెట్టారు. ముల్లు కొన సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక గోడకు దగ్గరగా ఉంటుంది. కొన్ని గాళ్ల తర్వాత రెండో గోడ వైపు మారుతుంది. నీళ్లు గాడిలో పడి పక్కకు జరుగుతాయి, రెండు అసమాన సుడుల్లా మెలిపడతాయి. దీనికి జడత్వం అక్కర్లేదు, గోడ ఆకారమే పని చేస్తుంది. ప్రవాహం విసరణ కన్నా ఎన్ని రెట్లు వేగమో చెప్పే పెక్లే సంఖ్య కొన్ని వందల రెట్లు పెరిగినా, వాళ్లకు కలవడానికి కావలసిన పొడవు మూడు రెట్లు కూడా పెరగలేదు. నీ 20 మైక్రోలీటర్ల ఫ్లోనే ఉంచుకుని ఆ 3 సెంటీమీటర్లలోనే కలపవచ్చు.

రక్తపరీక్ష_గుంటూరు | గురువారం రాత్రి 10:10

అందరూ కలపడం గురించే చెబుతున్నారు. కలవకుండా ఉండటం కూడా పనికొస్తుందేమో అనిపిస్తోంది నాకు. పక్కపక్కనే రక్తం, సెలైన్ పారిస్తే చిన్న అణువులు మాత్రమే సెలైన్‌లోకి పోవాలి కదా? అప్పుడు సెంట్రిఫ్యూజ్ లేకుండానే కణాలు లేని శాంపిల్ వస్తుంది.

డల్లాస్_ద్రవాలు | శుక్రవారం ఉదయం 8:15

అన్నా, ఫిజిక్స్ తెలియదన్నారు, 1990ల్లో వాషింగ్టన్ యూనివర్సిటీలో పాల్ యేగర్ బృందం చేసిన పరికరాన్ని మీరే కనిపెట్టేశారు! దానికి హెచ్ ఫిల్టర్ అని పేరు. రెండు ధారలు కలిసి పారి మళ్లీ రెండుగా విడిపోతాయి, ఆకారం హెచ్ అక్షరంలా ఉంటుంది.

వరంగల్ చెల్లి కాలువకే లెక్క వేద్దాం. నీళ్లలాంటి ద్రవంలో గ్లూకోజ్ 2.7 సెకన్లలో 60 మైక్రాన్లు జారుతుంది. ఎర్ర కణం అంతే సమయంలో అర మైక్రాన్ మాత్రమే. కణం తన ధారలోనే ఉండిపోతుంది, గ్లూకోజ్ పక్కకు దాటుతుంది. రక్తాన్ని ముందు బాగా పలచన చేయాలి, లేకపోతే కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

రక్తపరీక్ష_గుంటూరు | శుక్రవారం ఉదయం 8:50

చాలా సంతోషంగా ఉందండి. డ్యూటీకి వెళ్తున్నాను, సాయంత్రం వచ్చి మళ్లీ చదువుతాను.

వరంగల్_పిల్ల | ఆదివారం రాత్రి 8:40

వచ్చింది! ఆకుపచ్చ వచ్చింది!

చిన్న సిరంజిలు సీనియర్ దగ్గర దొరికాయి. ముందు ఇథనాల్, తర్వాత గాలి తీసిన నీళ్లు, ఆ తర్వాత రంగులు. బుడగ లేదు, ఊగడం దాదాపు పోయింది. నిమిషానికి 1 మైక్రోలీటరు దగ్గర, మొదట్లో గీత, కాస్త ముందుకెళ్తే మసక పట్టీ, చివర్లో మొత్తం ఒకటే ఆకుపచ్చ. 20, 5, 2, 1 నాలుగు ఫ్లోల దగ్గరా కాలువ చివర పట్టీ వెడల్పు కొలిచాను. పట్టీ గోడలను తాకనంత వరకు దాని వెడల్పు సమయం వర్గమూలంతోనే పెరిగింది. 2 దగ్గర అంచులు గోడను తాకాయి కాబట్టి ఆ పాయింటు, 1 పాయింటు గ్రాఫ్‌లో విడిగా చూపించాను. ఫోకస్ జరిపితే పైనా కిందా పట్టీ వెడల్పుగా ఉండటం కూడా కనిపించింది.

మా గైడ్ గ్రాఫ్ చూసి, కలవలేదన్న భాగాన్ని కూడా థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాయమన్నారు. ఈ వారం చేప ముల్లు గాళ్లకు మాస్క్ (అచ్చు మీద వెలుగు ఎక్కడ పడాలో చెప్పే నమూనా) గీస్తున్నాను. చిప్ అక్కా, గాడి లోతు ఎంత పెట్టాలి? రెండు పొరలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం ఎలా?

చిప్_అక్క | ఆదివారం రాత్రి 9:25

నా కళ్లలో నీళ్లు తిరిగాయి చెల్లీ, అభినందనలు.

కాలువ లోతు 100 ఉంది కాబట్టి గాడి 30 మైక్రాన్లతో మొదలుపెట్టు. ముల్లు కొన వెడల్పులో మూడో వంతు దగ్గర, అంటే ఒక గోడకు 100 మైక్రాన్లు, రెండో గోడకు 200. ఐదారు గాళ్లకు ఒకసారి వైపు మార్చు. ఎస్‌యూ-8 (అచ్చు కోసం వాడే, వెలుగు తగిలితే గట్టిపడే రెసిన్) మొదటి పొరకు వెలుగు చూపించి బేక్ చేశాక డెవలప్ చేయకుండానే రెండో పొర పోయాలి, చివర్లో రెండూ కలిపి ఒకేసారి డెవలప్ చెయ్. అలైన్‌మెంట్ గుర్తులు వేఫర్‌కు ఎడమ అంచు దగ్గర ఒకటి, కుడి అంచు దగ్గర ఒకటి పెట్టు, వీలైనంత దూరంగా. రెండో పొర పోసే ముందు ఆ గుర్తుల మీద చిన్న టేపు ముక్క అతికించు, పోశాక తీసెయ్. లేకపోతే అలైన్ చేసేటప్పుడు మందపు పొర కింద అవి కనిపించవు.

మాస్క్ ఫైల్ పంపే ముందు ఇక్కడ పెట్టు, ఒకసారి చూస్తాను.